జోడు కుదర్చడం ఎట్లా? హెడ్‌ఫోను, ఆంప్లిఫయర్ల కథ

ఒకే హెడ్‌ఫోనును రెండు యంత్రాలకు తగిలించి ఒకే పాట విన్నప్పుడు, ఒకచోట పాట నిండుగా వినవచ్చి, రెండవచోట నూతిలోనుంచి వస్తున్నట్లు సన్నగా వినిపించడం చాలామందికి అనుభవమే. మరొకప్పుడు శబ్దం చాలినంత ఉండి కూడా, మృదంగం దెబ్బ మాత్రం స్ఫుటంగా తెగకుండా ఉబ్బి, మోతగా మిగిలిపోతుంది. పాట మారలేదు, హెడ్‌ఫోను మారలేదు. మరి మారినదేమిటి?

తెలిసినవారు సాధారణంగా చెప్పే సమాధానం, 'అవరోధాలు జోడు కుదరలేదు' అని. జోడు కుదరడమంటే ఏమిటని అడిగితే, భౌతికశాస్త్రం చదివిన విద్యార్థి పుస్తకంలోని సూత్రాన్ని వెంటనే అప్పజెప్పుతాడు: విద్యుత్తును ఇచ్చే జనకం నిరోధమూ, దానిని పుచ్చుకొనే భారం నిరోధమూ సమానమైనప్పుడు గరిష్ఠ సామర్థ్యం బదిలీ అవుతుంది. ఈ సూత్రం నిజమే. కాని దీనినే నమ్ముకొని, 32 ఓముల హెడ్‌ఫోనుకు 32 ఓముల నిర్గమ అవరోధంగల ఆంప్లిఫయర్‌ను వెదకి తెచ్చుకొన్నవానికి మంచి సంగీతం వినే యోగం తక్కువ.

నిజమైన సూత్రం మనిషిని తప్పుదారి ఎట్లా పట్టించగలదు? సూత్రంతోపాటు ఉన్న షరతును మరచిపోయినప్పుడు పట్టిస్తుంది. ఈ మరపు నిన్న మొన్నటిది కాదు. ఒకప్పుడు ఇది విద్యుద్దీపాల భవిష్యత్తునే శంకించేటట్లు చేసినది. ఆ కథను మొదటినుంచి చూద్దాం.

నీవా నదిమీద పడవ

విద్యుత్ప్రవాహానికి లెక్క కుదిరినది 1827లో, జర్మనీలో జార్జి ఓమ్ తన సూత్రాన్ని ప్రకటించినప్పుడు. ఆనాటికి డైనమోలు లేవు. ఉన్నదల్లా జింకు పలకలను కరిగించుకొని విద్యుత్తునిచ్చే ఘటాల బ్యాటరీ. 1801లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో పుట్టి, తరువాత రష్యాలో స్థిరపడిన మోరిట్జ్ హెర్మన్ యాకోబి అనే ఇంజనీరు విద్యుత్ మోటారుతో పడవను నడపాలని పూనుకొన్నాడు. 1838లో సెయింట్ పీటర్స్‌బర్గులో, నీవా నదిమీద, ఆ పడవ మనుషులను ఎక్కించుకొని కదిలినది కూడా.

యాకోబి ఎదుట ఉన్న సమస్య ఇది. బ్యాటరీ ఎట్లాంటిదో నిశ్చయమైపోయినది. దానినుంచి మోటారు వీలైనంత ఎక్కువ సామర్థ్యం పుచ్చుకోవాలంటే మోటారు తీగచుట్టల నిరోధం ఎంత ఉండాలి? ఘటం లోపల ఉన్న ద్రవానికీ, పలకలకూ కూడా కొంత నిరోధం ఉన్నది. దానిని అంతర్నిరోధం అంటాము. విద్యుత్తు బయటి తీగలలో ప్రవహించేటప్పుడు ఈ అంతర్నిరోధంలోనుంచి కూడా ప్రవహించక తప్పదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఘటం విద్యుచ్ఛాలక బలం 2 వోల్టులు, అంతర్నిరోధం 1 ఓము అనుకొందాం. బయట 1 ఓము నిరోధం కలిపితే మొత్తం నిరోధం 2 ఓములు, ప్రవాహం 1 ఆంపియరు. బయట ఖర్చయ్యేది 1 వాటు, ఘటంలోపల వేడిగా పోయేది కూడా 1 వాటు. బయటి నిరోధాన్ని పావు ఓముకు తగ్గిస్తే ప్రవాహం 1.6 ఆంపియర్లకు పెరుగుతుంది. కాని బయటకు దక్కేది 0.64 వాటు మాత్రమే, లోపల 2.56 వాట్లు వృథా. బయటి నిరోధాన్ని 9 ఓములకు పెంచితే ప్రవాహం 0.2 ఆంపియరు, బయటకు దక్కేది 0.36 వాటు, లోపల పోయేది 0.04 వాటు.

కాబట్టి బయటి నిరోధం అంతర్నిరోధంతో సమానమైనప్పుడే బయటకు గరిష్ఠ సామర్థ్యం దక్కుతుంది. దీనినే యాకోబి నియమమని అంటారు. ఐతే ఆ లెక్కలోనే మరొక సంగతి దాగి ఉన్నది. సమానంగా ఉన్నప్పుడు సగం శక్తి లోపలనే వృథా అవుతున్నది. 9 ఓముల భారం ఉన్నప్పుడు దక్కేది తక్కువే ఐనా, ఖర్చుపెట్టిన శక్తిలో నూటికి తొంభై వంతులు పనికి వస్తున్నది. ఎక్కువ పుచ్చుకోవడం వేరు, పొదుపుగా పుచ్చుకోవడం వేరు. మొదటిది సామర్థ్యం, రెండవది దక్షత. ఈ రెండింటినీ ఒకటిగా భావించినందువల్లనే చిక్కు వచ్చినది.

సగం బొగ్గు వృథాయేనా?

యాకోబి నియమాన్ని అపార్థం చేసుకొన్నవారు సామాన్యులు కారు. ఉష్ణానికీ పనికీ గల సంబంధాన్ని లెక్కగట్టిన జేమ్స్ జౌల్ అంతటివాడు కూడా, బ్యాటరీతో నడిచే మోటారు దక్షత నూటికి యాభైని మించదని భావించినాడు. బ్యాటరీలు పోయి డైనమోలు వచ్చిన తరువాత కూడా ఈ నమ్మకం పోలేదు. డైనమో తీగల నిరోధం బయటి దీపాల నిరోధంతో సమానంగా ఉండాలని చాలామంది ఇంజనీర్లు భావించేవారు. అదే నిజమైతే, ఆవిరియంత్రం కింద తగులబెట్టే బొగ్గులో సగభాగం డైనమోను వేడిచేయడానికే సరిపోవాలి. అట్లాంటి విద్యుద్దీపం గ్యాసుదీపంతో ధరలో పోటీపడడం కష్టం.

అమెరికాలో మెన్లోపార్కులో పనిచేస్తున్న థామస్ ఎడిసన్, అతని సహచరుడైన గణితజ్ఞుడు ఫ్రాన్సిస్ అప్టన్ ఈ నమ్మకాన్ని పక్కకు నెట్టినారు. 1879లో వారు తయారుచేసిన డైనమో తీగచుట్టల నిరోధం చాలా స్వల్పం. దానిముందు దీపాల నిరోధం ఎన్నోరెట్లు ఎక్కువ. దాని దక్షత నూటికి తొంభై దాకా ఉంటుందని ప్రకటించినప్పుడు, అది అసాధ్యమని నిపుణులే ఆక్షేపించినారు. కాని 1882 సెప్టెంబరు 4న న్యూయార్కులో పెరల్ వీధి విద్యుత్కేంద్రం దీపాలు వెలిగించినది.

ఎడిసన్ యాకోబి నియమాన్ని ఉల్లంఘించినాడా? లేదు. నియమంలోని షరతును గుర్తించినాడు. యాకోబికి బ్యాటరీ ముందే నిశ్చయమైపోయినది. మోటారును మార్చుకోవడమే అతని చేతిలో ఉన్నది. ఎడిసన్ చేతిలో డైనమో ఉన్నది. జనకం నిరోధాన్నే మనం నిర్ణయించగలిగినప్పుడు, దానిని భారంతో సమానం చేయవలసిన పని లేదు. వీలైనంత తగ్గించడమే మేలు. పైన మన లెక్కలో బయటి నిరోధాన్ని 1 ఓముగానే ఉంచి, అంతర్నిరోధాన్ని 1 ఓమునుంచి పదోవంతుకు తగ్గించి చూడండి. బయటకు దక్కేది 1 వాటునుంచి 3.3 వాట్లకు పెరుగుతుంది. దక్షతా పెరిగినది, సామర్థ్యమూ పెరిగినది.

మన ఇంటి గోడలోని ప్లగ్గు ఈ పద్ధతికే ఉదాహరణ. ఇంటికి వచ్చే సరఫరా నిరోధం బల్బు నిరోధంతో సమానంగా ఉన్నదని ఊహించుకోండి. రెండో బల్బు వేయగానే మొదటిది మసకబారిపోతుంది! అట్లా జరగడం లేదంటే, సరఫరా నిరోధం బల్బు నిరోధం ముందు లెక్కకు రానంత తక్కువ కాబట్టే. 'రెండింటిలో ఏది మన చేతిలో ఉన్నది?' అన్న ప్రశ్నను పాఠకులు గుర్తుంచుకోవాలి. హెడ్‌ఫోను కథకు తాళపుచెవి అదే.

బ్యాటరీ లేని రేడియో

1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనుకు పేటెంటు పొందిన తరువాత, చెవికి ఆనించుకొనే శ్రవణయంత్రం వాడుకలోకి వచ్చినది. దాని నిర్మాణం సులభమే. అయస్కాంతంమీద సన్నని తీగచుట్ట, దాని ఎదుట పలుచని ఇనుపరేకు. మాటనుబట్టి ప్రవాహం హెచ్చుతగ్గులయినప్పుడు రేకు అదురుతుంది. అట్లా మారే ప్రవాహానికి తీగచుట్ట మామూలు నిరోధంతోపాటు ప్రేరణవల్ల కలిగే అడ్డును కూడా చూపుతుంది. ఈ మొత్తం అడ్డుకు ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ 1886లో 'ఇంపెడెన్సు' అని పేరు పెట్టినాడు. మన పరిభాషలో అవరోధం. ఇదీ ఓములలోనే కొలవబడుతుంది.

తంతిలేని వార్తల యుగం రాగానే చెవిగొట్టం పనితనానికి పరీక్ష వచ్చినది. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రంవాడైన నథానియెల్ బాల్డ్విన్ తాను చేసిన హెడ్‌ఫోన్లను అమెరికా నౌకాదళానికి పంపినాడు. అవి ఎంత సన్నని సంకేతాన్నైనా వినిపించగలగడం చూసి నౌకాదళం మరికొన్నింటిని కోరినది. ఆయన వాటిని ఇంటి వంటగదిలోనే తయారుచేసేవాడు.

ఆ కాలంలోనే గెలీనా అనే సీసపు ఖనిజం స్ఫటికంతో పనిచేసే రేడియోలు వచ్చినవి. ఈ స్ఫటికాన్ని విద్యుత్తరంగాలను పసిగట్టడానికి ఉపయోగించే పరికరానికి మన జగదీశ్ చంద్ర బోసుకు 1904లో అమెరికా పేటెంటు లభించినది. స్ఫటికపు రేడియోకు బ్యాటరీ లేదు, ఆంప్లిఫయర్ లేదు. ఏరియల్ తీగ గాలిలోనుంచి పట్టుకొన్న అతిస్వల్పమైన శక్తే శబ్దంగా మారాలి. 1924లో మద్రాసులో రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టేనాటికి ప్రపంచమంతటా శ్రోతలలో చాలామంది వాడినవి ఇట్లాంటి రేడియోలే.

ఇక్కడ జనకం మన చేతిలో లేదు. ఏరియలు, స్ఫటికం కలిసి చూపే అవరోధం వేల ఓములు, అది అంతే. మనం మార్చగలిగేది హెడ్‌ఫోను ఒక్కటే. కాబట్టి యాకోబి నియమం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. అందుకే ఆనాటి హెడ్‌ఫోన్లలో వెంట్రుకవంటి సన్నని తీగను వేల చుట్లు చుట్టేవారు. ఒక్కొక్క చెవికి 1000 ఓముల చొప్పున, రెండింటినీ శ్రేణిలో కలిపి 2000 ఓములుగా అమ్మేవారు. అట్లాంటి రేడియోకు నేటి 32 ఓముల హెడ్‌ఫోను తగిలిస్తే దాదాపు ఏమీ వినపడదు. ఉన్నకాస్త శక్తీ స్ఫటికంలోనే పోతుంది. వేరే దారి లేనప్పుడు మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి. పది చుట్లకు ఒక చుట్టు నిష్పత్తిగల ట్రాన్స్‌ఫార్మరు, నిష్పత్తి వర్గాన్నిబట్టి, 32 ఓములను 3200 ఓములుగా కనిపింపజేస్తుంది.

ఆరువందల ఓముల ఆచారం

1906లో లీ డి ఫారెస్టు మూడు ఎలక్ట్రోడుల వాల్వును రూపొందించినాడు. దానితో శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్ సాధ్యమైనది. ఐతే ఆ వాల్వుల అంతర్నిరోధం కూడా వేల ఓములే. కాబట్టి వేల ఓముల హెడ్‌ఫోన్లు వాటికీ సరిపోయినవి. తక్కువ అవరోధంగల లౌడ్‌స్పీకర్లకు ట్రాన్స్‌ఫార్మరు అవసరమైనది.

ఇదే సమయంలో టెలిఫోను తీగలు వందల మైళ్లు పాకినవి. స్తంభాలమీద జంటగా సాగే దూరపు తీగలకు సుమారు 600 ఓముల స్వాభావిక అవరోధం ఉంటుంది. తీగ చివర అదే విలువగల భారం లేకపోతే, గోడకు తగిలిన బంతిలాగ సంకేతం వెనుకకు మళ్లి ప్రతిధ్వనిగా వినిపిస్తుంది. అందువలన ఆ తీగలకు కలిపే పరికరాలన్నింటినీ 600 ఓములకు తయారుచేసినారు. రేడియో స్టూడియోలు టెలిఫోను కంపెనీల పద్ధతినే అనుసరించినవి. పది గజాల తీగలో ప్రతిధ్వని బాధ లేకపోయినా, ఆరువందల ఓముల జోడింపు ఆచారంగా నిలిచిపోయినది. స్టూడియోలకోసం తయారైన కొన్ని హెడ్‌ఫోన్లకు 600 ఓముల అవరోధం ఉండడానికి ఈ ఆచారంతో సంబంధమున్నది.

మరొక నది, మరొక పడవ

నీవా నదిమీద మొదలైన ఈ కథ ఇంకొక నదిమీద, ఇంకొక పడవలో మలుపు తిరిగినది. 1927 ఆగస్టు 2వ తేదీ ఉదయం, బెల్ ప్రయోగశాలల ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ పడవమీద హడ్సన్ నదిని దాటి న్యూయార్కులో పనికి వెళుతున్నాడు. ఆంప్లిఫయర్లలో వచ్చే వికారాన్ని తొలగించడమెట్లా అన్నది ఆయనను ఏళ్లతరబడి వేధిస్తున్న సమస్య. పడవలో ఉండగా ఆయనకు దారి తోచినది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పత్రికపైనే పటమూ సమీకరణాలూ రాసుకొన్నాడు.

ఆలోచన ఇది. ఆంప్లిఫయర్‌నుంచి బయటకు వచ్చిన సంకేతంలో కొంతభాగాన్ని తిప్పి, వ్యతిరేక దిశలో మొదటికి పంపాలి. లోపలికి వచ్చినదానికీ బయటకు వెళ్లినదానికీ తేడా ఉంటే, ఆంప్లిఫయర్ తనను తానే సవరించుకొంటుంది. దీనిని ఋణ పునర్నివేశం అంటారు. శబ్దం పెంపు కొంత తగ్గుతుంది, కాని వికారం ఎన్నోరెట్లు తగ్గిపోతుంది.

మన కథకు కావలసినది దీని మరొక ఫలితం. భారం ఎక్కువ ప్రవాహాన్ని లాగినప్పుడు ఆంప్లిఫయర్ కొనల మధ్య వోల్టేజి పడిపోవాలి. ఋణ పునర్నివేశం ఆ పతనాన్ని గుర్తించి వెంటనే పూరిస్తుంది. వోల్టేజి పడిపోవడం లేదంటే, అంతర్నిరోధం తగ్గిపోయినట్లే. ఈ సవరణ బలం నూరురెట్లు ఉంటే, 100 ఓముల నిర్గమ అవరోధం సుమారు 1 ఓముగా ప్రవర్తిస్తుంది. ఎడిసన్‌కు రాగితీగను లావుచేయడంవల్ల సాధ్యమైనది, బ్లాక్ తరువాతివారికి వలయాన్ని తెలివిగా అమర్చడంవల్ల సాధ్యమైనది. ఇక ఆంప్లిఫయర్ అవరోధం మన చేతిలోకి వచ్చినట్లే.

పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం

ఈలోగా హెడ్‌ఫోను కూడా మారినది. ఇనుపరేకుకు బదులు పలుచని పొర, దానికి అంటించిన తేలికైన తీగచుట్ట, అయస్కాంతం సందులో ఆ చుట్ట కదలిక. లౌడ్‌స్పీకరు పనిచేసేదీ ఈ సూత్రంపైనే. ఇట్లాంటి డైనమిక్ హెడ్‌ఫోనును బెర్లిన్‌లో బయర్ సంస్థ 1937లో డి.టి. 48 అనే పేరుతో తెచ్చినది. 1958లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో జాన్ కాస్ ఎస్.పి. 3 అనే స్టీరియో హెడ్‌ఫోనును ప్రదర్శించినాడు. సంగీతం వినడానికి ఇండ్లలో హెడ్‌ఫోన్లు వాడే అలవాటు అక్కడినుంచి పెరిగినది.

ఐతే ఇండ్లలో ఉన్న ఆంప్లిఫయర్లు లౌడ్‌స్పీకర్లకోసం చేసినవి. 8 ఓముల స్పీకరుకు 10 వాట్లు ఇచ్చే ఆంప్లిఫయర్ కొనలమధ్య సుమారు 9 వోల్టులు ఉంటాయి. దానికి 32 ఓముల హెడ్‌ఫోనును నేరుగా కలిపితే 2.5 వాట్లు పుచ్చుకొంటుంది. చెవికి కావలసినది మిల్లీవాటు, రెండు మిల్లీవాట్లు. ఇది పిచ్చుకమీద బ్రహ్మాస్త్రమే! అందుకని తయారీదారులు ఒక చవక ఉపాయం పన్నినారు. హెడ్‌ఫోను రంధ్రానికి ముందు కొన్ని వందల ఓముల నిరోధాన్ని శ్రేణిలో పెట్టినారు. 300 ఓములు పెడితే పై ఉదాహరణలో హెడ్‌ఫోనుకు చేరేది 23 మిల్లీవాట్లు మాత్రమే.

ఉపాయం చెవులను కాపాడినది. కాని బ్లాక్ పద్ధతి తగ్గించిన అవరోధాన్ని ఈ నిరోధం మళ్లీ పెంచినది. 1968లో జర్మనీలోని సెన్‌హైసర్ సంస్థ తెచ్చిన హెచ్.డి. 414 హెడ్‌ఫోను అవరోధం 2000 ఓములు. దానిముందు 300 ఓములు పెద్ద లెక్క కాదు. 32 ఓముల హెడ్‌ఫోను సంగతి అట్లా కాదు. ఐనా అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘం 1996లో వెలువరించిన 61938 సంఖ్యగల ప్రమాణంలో సైతం హెడ్‌ఫోను జనకానికి 120 ఓముల అవరోధాన్నే సిఫారసు చేసినది.

లెంజ్ వేసిన బ్రేకు

జనకం అవరోధం ఎక్కువైతే వచ్చే నష్టం శబ్దం తగ్గడమొక్కటే ఐతే, గుండ్రని మీట తిప్పి సరిచేసుకోవచ్చు. అసలు నష్టం వేరు.

హెడ్‌ఫోనులోని పొర స్ప్రింగుకు కట్టిన బరువువంటిది. దానికి ఒక సహజ పౌనఃపున్యం ఉన్నది. ఆ పౌనఃపున్యంగల స్వరం వచ్చినప్పుడు అనునాదంవల్ల పొర మరింత ఊగుతుంది. అయస్కాంతక్షేత్రంలో ఊగే తీగచుట్ట చిన్న డైనమోకూడా అవుతుంది. అది పుట్టించే విద్యుచ్ఛాలక బలం వచ్చే ప్రవాహాన్ని ఎదిరిస్తుంది. 1834లో హెన్రిక్ లెంజ్ ప్రకటించిన నియమం ఇదే. విశేషమేమంటే, లెంజ్ కూడా సెయింట్ పీటర్స్‌బర్గువాడే. విద్యుదయస్కాంతాలపై యాకోబితో కలిసి పరిశోధించినాడు. ఆ మిత్రులిద్దరి నియమాలూ హెడ్‌ఫోనులో ఒకచోట చేరినవి.

ఈ ఎదురుబలంవల్ల, 32 ఓములని పెట్టెమీద రాసిన హెడ్‌ఫోను కింది స్వరాలవద్ద, అనునాదస్థానంలో, 80 ఓములుగా కనిపించవచ్చుననుకొందాం. ఆంప్లిఫయర్ అవరోధం 2 ఓములైతే, 32 ఓములవద్ద వోల్టేజిలో నూటికి 94 వంతులు, 80 ఓములవద్ద 98 వంతులు హెడ్‌ఫోనుకు చేరుతుంది. తేడా డెసిబెల్‌లో మూడోవంతు. చెవి దాదాపు గుర్తించలేదు. ఆంప్లిఫయర్ కూడా 32 ఓములదైతే, అంటే పుస్తకపు సూత్రం ప్రకారం 'సమానమైతే', 50 వంతులకూ 71 వంతులకూ తేడా, 3 డెసిబెల్‌లు. 120 ఓములైతే 21 వంతులు, 40 వంతులు, తేడా 5.6 డెసిబెల్‌లు. కింది స్వరాలు ఉబ్బి మోతగా వినిపించడానికి ఒక కారణం ఇదే.

దీనినే మరొక విధంగా చూడవచ్చు. మన పాఠశాల ప్రయోగశాలలో గాల్వనామీటరు ముల్లు ఊగులాడుతూ ఉంటే, దాని రెండు కొనలను ఒక తీగముక్కతో కలుపుతాము. వెంటనే ముల్లు నిలిచిపోతుంది. ఊగే చుట్టలో పుట్టిన ప్రవాహానికి దారి దొరికి, లెంజ్ నియమం ప్రకారం అదే చుట్టకు బ్రేకు వేస్తుంది. తక్కువ అవరోధంగల ఆంప్లిఫయర్ హెడ్‌ఫోనుకు ఆ తీగముక్కవంటిది. దెబ్బ ఆగగానే పొర కూడా ఆగాలంటే బ్రేకు దారి సుగమంగా ఉండాలి.

అందువలన ఆంప్లిఫయర్ నిర్గమ అవరోధం హెడ్‌ఫోను అవరోధంలో ఎనిమిదోవంతును మించరాదని ఒక వాడుకనియమం ఏర్పడినది. 32 ఓముల హెడ్‌ఫోనుకు 4 ఓములు, 300 ఓముల హెడ్‌ఫోనుకు సుమారు 37 ఓములు మించరాదన్నమాట. అన్ని హెడ్‌ఫోన్లూ ఒకటి కావు. పొర అంతటా తీగను పరచిన సమతల రకం హెడ్‌ఫోన్ల అవరోధం అన్ని స్వరాలకూ దాదాపు ఒకటే. వాటికి ఈ నియమాన్ని సడలించినా స్వరాల తూకం చెడదు.

వోల్టులా, మిల్లీఆంపియర్లా?

1979 జూలైలో జపాన్‌లో సోనీ సంస్థ వాక్‌మాన్‌ను విడుదల చేసినది. దానిలో రెండు చిన్న ఘటాలు, మొత్తం 3 వోల్టులు. ఇంత తక్కువ వోల్టేజితో వందల ఓముల హెడ్‌ఫోనుకు చాలినంత సామర్థ్యం అందదు. కాబట్టి హెడ్‌ఫోను అవరోధాన్నే పదుల ఓములకు దించవలసివచ్చినది. నేటి చెవిగొట్టాలలో 16, 32 ఓములవి ఎక్కువగా కనిపించడానికి మూలం జేబులో ఇమిడే బ్యాటరీలే.

ఆంప్లిఫయర్‌ను ఎంచుకోవడంలో రెండవ మెట్టు ఈ లెక్క. హెడ్‌ఫోను పెట్టెమీద అవరోధంతోపాటు సూక్ష్మగ్రాహ్యత కూడా రాసి ఉంటుంది. 'మిల్లీవాటుకు 100 డెసిబెల్‌లు' అన్నారనుకొందాం. సామర్థ్యం పదిరెట్లయితే 10 డెసిబెల్‌లు పెరుగుతుంది. సంగీతంలోని క్షణికమైన ఉధృత ధ్వనులకు 110 డెసిబెల్‌లు పైహద్దు అనుకొంటే 10 మిల్లీవాట్లు చాలు. వోల్టేజి వర్గాన్ని అవరోధంతో భాగిస్తే సామర్థ్యం వస్తుంది కాబట్టి, 32 ఓముల హెడ్‌ఫోనుకు 0.57 వోల్టు, 18 మిల్లీఆంపియర్లు కావాలి. 300 ఓములదానికి 1.73 వోల్టులు, 6 మిల్లీఆంపియర్లు కావాలి. 600 ఓములదానికి 2.45 వోల్టులు, 4 మిల్లీఆంపియర్లు.

అంటే ఎక్కువ అవరోధంగలది వోల్టేజిని కోరుతుంది, తక్కువ అవరోధంగలది ప్రవాహాన్ని కోరుతుంది. ఒక సమతల హెడ్‌ఫోను 50 ఓములు, మిల్లీవాటుకు 90 డెసిబెల్‌లు అనుకోండి. దానికి అదే ధ్వనికి 100 మిల్లీవాట్లు, అంటే 2.24 వోల్టులూ 45 మిల్లీఆంపియర్లూ రెండూ కావాలి. ఓములు తక్కువ కాబట్టి సులభంగా నడుస్తుందనుకోవడం పొరపాటని దీనివల్ల తేలుతుంది. మరొక జాగ్రత్త. కొందరు తయారీదారులు సూక్ష్మగ్రాహ్యతను మిల్లీవాటుకు కాక వోల్టుకు చెబుతారు. మిల్లీవాటుకు 100 అన్న 32 ఓముల హెడ్‌ఫోను, వోల్టుకు లెక్కిస్తే 115 అవుతుంది. రెండు పెట్టెలమీది అంకెలను పోల్చేముందు కొలమానం ఒకటేనా అని చూసుకోవాలి. తీగలేని హెడ్‌ఫోన్లలో ఆంప్లిఫయర్ లోపలనే ఉంటుంది కాబట్టి, ఈ జోడింపు తయారీదారే చేసిపెడతాడు.

చెవికి మారుచెవి లేదు

సామర్థ్యం చాలకపోవడం చిన్న లోపం. ఎక్కువ కావడం ప్రమాదం. ప్రపంచ ఆరోగ్యసంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో వెలువరించిన ప్రమాణం ప్రకారం, పెద్దవారు 80 డెసిబెల్‌ల ధ్వనిని వారానికి 40 గంటలు మించి వినరాదు. ధ్వని 3 డెసిబెల్‌లు పెరిగినప్పుడల్లా వినదగిన కాలం సగమవుతుంది. ఈ లెక్కన 100 డెసిబెల్‌లవద్ద వారం మొత్తానికి దక్కేది ఇరవై నిమిషాలకు కాస్త ఎక్కువ. మన ఉదాహరణలోని హెడ్‌ఫోనుకు ఆ 100 డెసిబెల్‌లకు కావలసినది ఒక్క మిల్లీవాటే! లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే రోమకణాలు ఒకసారి నశిస్తే మనిషిలో తిరిగి పుట్టవు. అందువలన 'ఎక్కువ వాట్ల ఆంప్లిఫయర్ మంచిది' అన్న ప్రచారాన్ని విద్యార్థులు నమ్మరాదు. చాలినంత ఉంటే చాలు.

తరగతిలో ఒక ప్రయోగం

యాకోబి నియమాన్ని బోధించే ఉపాధ్యాయులు ఒక్క గంటలో ఈ కథనంతా విద్యార్థుల కళ్లముందు పెట్టవచ్చు. ఒక ఘటానికి శ్రేణిలో 10 ఓముల నిరోధం కలిపి, ఆ రెండింటినీ కలిపి జనకంగా భావించాలి. బయట నిరోధపుపెట్టెలో 2, 5, 10, 20, 50 ఓములు వరుసగా మార్చుతూ, వోల్టుమీటరు చూసి, ఒక్కొక్కచోట బయటి సామర్థ్యాన్ని గుణించాలి. 10 ఓముల దగ్గర గరిష్ఠం వస్తుంది. తరువాత బయట 10 ఓములనే ఉంచి, లోపలి 10 ఓముల నిరోధాన్ని 5కు, 2కు తగ్గించాలి. ఈసారి సామర్థ్యం పెరుగుతూనే పోతుంది. గరిష్ఠస్థానం ఎక్కడా ఎదురుకాదు. ఒకే వలయం, ఒకే ఓము సూత్రం. మార్చే వస్తువు మారినందున జవాబు మారినది.

స్ఫటికపు రేడియో వినినవాడు అవరోధాలను సమానం చేసుకొన్నాడు. అతనికి అదే సరి. ఆంప్లిఫయర్ కొనేవాడు తన హెడ్‌ఫోను అవరోధంలో ఎనిమిదోవంతుకు లోబడిన నిర్గమ అవరోధాన్నీ, చాలినంత వోల్టేజినీ, ప్రవాహాన్నీ చూసుకోవాలి; అతనికి అదే సరి. సూత్రాన్ని కంఠస్థం చేసినవారు సమానత్వాన్ని మాత్రమే గుర్తుంచుకొంటారు. దానిని అర్థం చేసుకొన్నవారు ముందుగా, ఏది స్థిరం, ఏది మన చేతిలో ఉన్నది అని అడుగుతారు. ఎడిసన్, అప్టన్‌లకు వెలుగు దొరికినది ఆ ప్రశ్నలోనే.